గడ్డం మొక్కు

కార్స్‌వెల్,
మే 20, 1997

ప్రియమైన అక్కా,

నువ్వు హెలికాప్టరెక్కి అడవిలోకి వెళ్లిన వారానికే ఇక్కడ మంచంతా కరిగిపోయింది. ఊరందరికీ ఒకేసారి గడ్డి గుర్తొచ్చి, నా షాపు ముందు పాడైన గడ్డికోత మిషన్లు బారులు తీరాయి. నువ్వు మంటల కాపలా టవర్ మీద పొగ కోసం చూస్తూ కూర్చుంటే, నేనిక్కడ పొగ కక్కే ఇంజన్ల మధ్య కూర్చున్నాను. మెల్నిక్ వంశానికి పొగ రాసిపెట్టినట్టుంది.

మన హాకీ జట్టు మాగ్‌పైస్ ఈ ఏడు కూడా కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి చేరలేదని నువ్వు ఏడుస్తూ వెళ్లావు. ఇక ఏడుపు ఆపు. వేసవి వచ్చేసింది. ఐసు మీద ఆటలే ఉండని వేసవిలో మన జట్టు ఒక్క ఆట కూడా ఓడదు. అక్టోబరు దాకా మనల్ని కొట్టే మొనగాడు ఈ లీగులో లేడు.

పైగా మనకి గోలు కాయడానికి కొత్త గోలీ వచ్చాడు! ఫిన్లండ్ వాడు, పేరు రౌటియో. పేపర్లో ఫోటో వేశారు. గోలు ముందు నిలబెట్టి తీశారు గానీ, ఫోటోలో గోలు ఎక్కడుందో నాకైతే కనబడలేదు. అంత మనిషి. ఇన్నాళ్లూ మన గోలీల వెనక నెట్ ఎంత విశాలంగా కనబడేదో నీకు తెలుసుగా. ఆ ఫోటో కత్తిరించి షాపులో క్యాలెండరు పక్కన అంటించాను.

ఇంకో కబురు. షాపు ఎదురుగా ఖాళీగా ఉన్న కొట్టులో ఒకావిడ బేకరీ పెట్టింది. ఒడెట్ అని, భర్త పోయినావిడ, ఫ్రెంచి వాళ్లమ్మాయి. మొన్న రొట్టె కోసం వెళ్తే నన్ను ఎగాదిగా చూసి, "ఆ గడ్డంలో ఏముందండీ, పిచ్చుకలు కాపురముంటున్నాయా?" అంది.

"మొక్కండీ. మాగ్‌పైస్ ప్లేఆఫ్స్‌కెళ్లేదాకా తియ్యను," అన్నాను.

"ఎన్నాళ్లయింది?"

"తొమ్మిదేళ్లు."

ఆవిడ రొట్టెని కాగితంలో చుడుతూ, "మరి ఆ సంగతి వాళ్లకి తెలుసా?" అంది.

దారి పొడుగునా నవ్వుకుంటూనే వచ్చాను. నిజమే కదక్కా, మనం ఎప్పుడైనా వాళ్లకి చెప్పామా?

నీ తమ్ముడు,
బ్లేన్

నీ కుక్క పెనాల్టీని ఎలుగుబంట్ల మీదికి ఎగబడనీయకు. దానికి తన ఒడ్డూ పొడుగూ తెలీదు.


ఔల్ రిడ్జ్ టవర్,
జూన్ 8

ఒరే బ్లేన్,

నీ ఉత్తరం, ఉల్లిపాయలు, బ్యాటరీలు ఒకే సంచిలో వచ్చాయి. ముందు నీ ఉత్తరమే తీశానని గర్వపడు.

రౌటియో! ఆ పేరు టవర్ మీద నిలబడి గట్టిగా అరిచి చూశాను. బాగుంది. కొండకి తగిలి తిరిగొచ్చింది. ఇక్కడ టేబుల్ మీద పైన్ కాయలతో జట్టంతా పేర్చాను. మధ్యలో మన కెప్టెన్ ఓస్ట్‌బీ, గోలులో ఉప్పు డబ్బా, అదే రౌటియో. పెనాల్టీ గాడు వచ్చి ఎడమ డిఫెన్స్ కాయని నమిలేశాడు. ఆ చోట మనకి ఎలాగూ గట్టివాడు లేడు గనక కుక్కని ఏమీ అనలేకపోయాను.

విజయోత్సవం ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలో కూడా ఆలోచించాను. ఐసు రింక్ దగ్గర బయల్దేరి, ధాన్యం గోదాముల మీదుగా వచ్చి, నీ షాపు ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆలూ లేదు చూలూ లేదు అంటావేమో. అనుకో. అడవిలో కూర్చున్నదాన్ని, నాకు ఇంకేం పని?

హెలికాప్టరు నడిపే కాల్డర్ ఈసారి కూడా రివర్టన్ జట్టు టోపీ పెట్టుకునే వచ్చాడు. సరుకులు దించుతూ, "ఏం వెర్నా, మీవాళ్లకి ఈ ఏడు కూడా సెలవులు తొందరగా ఇచ్చారటగా!" అన్నాడు. గుడ్ల అట్ట చేతిలో ఉంది కాబట్టి బతికిపోయాడు. వాడి నోటి నుంచి హాకీ కబురు వినాల్సిన ఖర్మ నాకెందుకు? నువ్వే వివరంగా రాస్తూ ఉండు. రేడియోలో రోజూ వాతావరణం చదివేటప్పుడు ఓసారి స్కోరు అడిగితే, రేడియో గదిలో ఆవిడ నన్ను చీవాట్లు పెట్టింది.

ఒకటి మాత్రం చెప్తున్నాను. ఎవర్ని అమ్ముకున్నా, ఎవర్ని మార్చుకున్నా, ఓస్ట్‌బీ జోలికి ఎవరూ పోకూడదు. పదకొండేళ్లుగా మన కోసం పళ్లన్నీ రాలగొట్టుకున్న మనిషి.

ఆ బేకరీ సంగతి నువ్వు సగమే రాశావు. ఆవిడ పాకం నింపిన బటర్ టార్టులు చేస్తుందా, చెయ్యదా? నీ మొక్కు గడ్డం, నా మొక్కు టార్టు. తొమ్మిదేళ్లుగా నాలిక్కి తగలనివ్వలేదు. ఇప్పుడు నీ షాపు ఎదురుగానే వాటిని కాలుస్తూ ఉంటే, శీతాకాలమంతా నేను నీ దగ్గరికి ఎలా రావాలి? ముక్కు మూసుకునా?

అక్క,
వెర్నా


కార్స్‌వెల్,
జూన్ 27

అక్కా,

ఇది చదివే ముందు కూర్చో. టవర్ మెట్ల మీద ఉంటే దిగి వచ్చి కూర్చో.

ఓస్ట్‌బీని ఇచ్చేశారు. అది కూడా రివర్టన్‌కి.

బదులుగా ఏమొచ్చిందని అడుగుతావు. "తర్వాత చూసుకుందాం" అనే పద్ధతిలో ఇచ్చారు. ఆటగాణ్ణి ఈరోజు ఇస్తాం, మీరు మాకేమివ్వాలో తర్వాత మాట్లాడుకుందాం అని సంతకాలు పెట్టుకున్నారు. చిన్న జట్లలో మామూలేనని మేనేజరు పేపర్లో చెప్పుకున్నాడు. బేరం పెట్టి గొర్రెని తోలిన తర్వాత ధర మాట్లాడేవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. రింక్‌లో మన వరసలో కూర్చునేవాళ్లంతా ఆ సాయంత్రం నా షాపు ముందు చేరి బీరు తాగుతూ శోకాలు పెట్టాం. తర్వాత ఎవరో, "ఆ తర్వాత చూసుకునేది ఇద్దరు కుర్ర ఫార్వర్డ్‌లై ఉంటే?" అన్నారు. ఇంకొకరు ముగ్గురన్నారు. చీకటి పడేసరికి మనకి ఏకంగా అయిదుగురు వచ్చేశారు, అందరూ ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్లాం. మనవాళ్ల సంగతి నీకు తెలుసుగా.

రెండో సంగతి చిన్నది. నేను పెళ్లి చేసుకుంటున్నాను. ఒడెట్‌ని. ఆగస్టు 30 శనివారం, ఉక్రేనియన్ హాల్లో.

మూడో సంగతి ఇంకా చిన్నది. గడ్డం తియ్యాలట.

నువ్వు సరే అంటేనే అనుకో.

నీ
బ్లేన్


ఔల్ రిడ్జ్,
జులై 10

బ్లేన్,

ఓస్ట్‌బీని ఇచ్చేశారా! ఓస్ట్‌బీనా! ఇక్కడ పైన్ కాయని టేబుల్ మధ్యలోంచి తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. అలాగే ఉంచి దాని మీద కప్పు బోర్లించాను. మేనేజరు కనబడితే చెప్పు, వెర్నా మెల్నిక్ సెప్టెంబరులో కొండ దిగుతుంది, అప్పటికి అతను వేరే ఊరు చూసుకోవడం మంచిది.

పెళ్లన్నావు. సంతోషం. నిజంగానే సంతోషంరా. యాభై అయిదేళ్లు ఒంటిపక్షిలా తిరిగిన నిన్ను చూసి ఇక ఆశ వదులుకున్నాను. ఆ మాట చదివి పెనాల్టీ ముందుకాళ్లు పట్టుకుని డాన్సు చేశాను. దానికి ఏమీ అర్థం కాలేదు.

కానీ ఆ మూడో సంగతి కుదరదు.

ఎందుకో చెప్తాను విను. మొన్న కాల్డర్ ఏమన్నాడో తెలుసా? "మీ తమ్ముడి షాపు ఎదురు బేకరీ అద్దాల్లో ఆకుపచ్చా పసుపూ కేకు చూశాను. మంచి అభిరుచి గల మనిషి!" అన్నాడు. ఆకుపచ్చా పసుపూ ఎవరి రంగులు? రివర్టన్‌వి! ఇప్పుడు ఒక్కొక్కటే కలిపి చూడు. పదకొండేళ్ల కెప్టెన్ని ఎత్తుకుపోయారు. ఇప్పుడు గడ్డం మీద పడ్డారు. నీ ఎదురుగానే కొట్టు పెట్టడం ఏమిటి, నీతోనే మాట కలపడం ఏమిటి? ఊళ్లో గడ్డాలు లేని మొగాళ్లే లేరా?

నాన్న పోయిన వారం మర్చిపోయావా? ఆసుపత్రి మంచం పక్కన రేడియో పెట్టుకుని ఆఖరి ఆట విన్నాం. ఒక్క పాయింటు తక్కువై ప్లేఆఫ్స్ పోయాయి. మనిద్దరం ఏడుస్తుంటే నాన్నే మనల్ని ఓదార్చి, "వచ్చే ఏడు మనదేరా" అన్నాడు. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. అంత్యక్రియల భోజనాల దగ్గర నువ్వు గడ్డం మొక్కావు, నేను టార్టు వదిలాను. రింక్‌లో మనిద్దరి మధ్య నాన్న సీటు ఖాళీగానే ఉంచుతున్నాం. అది వచ్చేదాకా ఆగాలి. అంతే.

అక్క


కార్స్‌వెల్,
జులై 24

అక్కా,

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది కాల్డర్ మాట నమ్మడం! ఆ కేకు ట్రాక్టర్లమ్మే ఆయన రిటైరవుతుంటే చేసింది. ట్రాక్టరు ఏ రంగులో ఉంటుందో ఆ రంగే వేసింది. పైన చాక్లెట్ చక్రాలు కూడా ఉన్నాయి, వాటిని కాల్డర్ చూడలేదా?

ఒడెట్ రివర్టన్ మనిషి కాదు. నిజం చెప్పాలంటే అంతకంటే ఘోరం, ఆవిడకి హాకీయే తెలీదు. మొన్న కూర్చోబెట్టి ఆటంతా వివరించాను. అంతా శ్రద్ధగా విని, "అంతమంది ఒక్క రబ్బరు బిళ్ల కోసం, ఆ పక్ కోసం, కొట్టుకోవడమెందుకు, తలా ఒకటి ఇవ్వొచ్చుగా?" అంది. 

కానీ ఒక విషయం విను. శుక్రవారం పొద్దున రౌటియో బేకరీకొచ్చాడు! ఇల్లు వెతుక్కోవడానికి ఊళ్లోకి దిగాడట. నేను రోడ్డు దాటి పరిగెత్తాను, చేతిలో స్పానరుతో సహా. గుమ్మం పొట్టిది, అతని తల తగలబోయింది. తగిలేలోపే ఎడమ చెయ్యి మెరుపులా పైకి లేచి చట్రాన్ని పట్టుకుంది. ఎంత చురుకనుకున్నావ్! నేను అక్కడే నిలబడి చప్పట్లు కొట్టాను. పాపం అతను భయపడి రెండు రొట్టెలు ఎక్కువ కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఇక గడ్డం. ఒడెట్ మారాం చేస్తోందని అనుకోకు. ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నీ మొక్కుని వెక్కిరించను బ్లేన్. కానీ నేను నీ మొహం ఒక్కసారి కూడా చూళ్లేదు. నవ్వుతున్నావో, అలిగావో కళ్లని బట్టి ఊహించుకుంటున్నాను. చూడని మొహానికి జన్మంతా ఉంటానని మాటివ్వమంటే ఎలా? పెళ్లినాడు ఒక్కసారి చూపించు. మర్నాటి నుంచి పెంచుకుందువుగాని."

దీనికేం చెప్పమంటావక్కా? 

నీ మాట లేకుండా కత్తెర పెట్టను. అది మాత్రం నమ్ము.

బ్లేన్

సరుకుల్లో ఒడెట్ కూడా ఒక పెట్టె పెట్టింది, వదినగారికి కానుకట. ఏమిటో నాకు చెప్పలేదు.


ఔల్ రిడ్జ్,
ఆగస్టు 5

బ్లేన్,

పెట్టె తెరిచాను. డజను బటర్ టార్టులు.

లంచం! ఇంతకన్నా స్పష్టమైన లంచం ఉంటుందా? అంచులు పల్చగా, మధ్యలో పాకం ఇంకా కదులుతూ, నాన్న కొనే రకమే. ఈ చిన్న గదంతా ఆ వాసనే. కిటికీలన్నీ తెరిచాను, దోమలొచ్చాయి గానీ వాసన పోలేదు. నేను వాటి ఎదురుగా కూర్చున్నాను, అవి నా ఎదురుగా కూర్చున్నాయి. చివరికి దొంగ చేతికి తాళాలిచ్చినట్టు మొత్తం పెట్టె కాల్డర్ చేతిలో పెట్టాను. ఆ రివర్టన్ వెధవ కళ్లు మూసుకుని నాలుగు తిని, "వెర్నా, ఈవిణ్ణి మీ తమ్ముడు చేసుకోకపోతే నేను చేసుకుంటాను" అన్నాడు. పెళ్లామూ ముగ్గురు పిల్లలూ ఉన్నవాడు!

నీకు కోపంగా రాస్తున్నాననుకుంటున్నావు. కోపం కాదురా. భయం. ఈ మొక్కు మోస్తున్నది ప్రపంచంలో మనిద్దరమే. జట్టుకి కూడా తెలీదు, ఒడెట్ చెప్పింది నిజమే. నువ్వు దించేస్తే నేనొక్కదాన్నే మిగుల్తాను. అక్టోబరులో ఆ ఖాళీ సీటు పక్కన నున్నటి మొహంతో నువ్వు కూర్చుంటే, నాన్న కోసం ఇంకా ఎదురు చూసేదెవరు? నేనూ, ఒక పిచ్చిదానిలా టార్టు వద్దనుకుంటూ. అందుకే వద్దంటున్నాను. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. ఆవిడ చూడాలనుకోవడంలో తప్పు

ఆగు. ఈశాన్యంలో పొగ. వెళ్లాలి.


కార్స్‌వెల్,
ఆగస్టు 14

అక్కా,

నీ ఉత్తరం మధ్యలో ఆగిపోయింది. కింద సంతకం కూడా లేదు. కాల్డర్ ఎలా ఉందో అలా మడిచి తెచ్చాడట. రేడియోలో మీ వైపు మంటలంటున్నారు. అటవీ ఆఫీసుకి ఫోన్ చేస్తే టవర్లలో అందరూ క్షేమం అంటారు గానీ నువ్వు అని చెప్పరు. ఒక్క ముక్క రాయి.

టార్టుల సంగతి ఒడెట్‌కి తెలీదు. నీ మొక్కు గురించి నేనే చెప్పలేదు, తప్పు నాది. నీ ఉత్తరం చదివి వినిపించాను. నాన్న సంగతి, రేడియో సంగతి, సీటు సంగతి అన్నీ చెప్పాను. పిండి చేతులతోనే మొహం తుడుచుకుని, మొహమంతా పిండి చేసుకుంది. "నేను పంపింది ఆవిడకి ఎంత బాధై ఉంటుందో" అని ఒకటే గొడవ.

తర్వాత నేనే అన్నాను, "ప్లేఆఫ్స్ దాకా ఆగుదాం ఒడెట్."

"ఎన్నాళ్లు పట్టచ్చు?"

"ఈ ఏడు రౌటియో ఉన్నాడు."

"పోయినేడు ఎవరున్నారు?"

 ఆవిడ నవ్వి, "సరే, నాకు యాభై మూడు. మా వాళ్లంతా తొంభై దాకా బతుకుతారు. ఆగుతాను," అంది. ఆ నవ్వు చూస్తే నాకు ఆటలో గెలిచినట్టూ ఉంది, ఓడినట్టూ ఉంది.

సోమవారం వెళ్లి హాలు వద్దని చెప్పాను. వాచ్‌మన్ రిజిస్టరు కూడా తియ్యకుండా, "ఆ రోజుకి ఇంకెవరూ అడగలేదులే, మనసు మారితే తాళం నా దగ్గరే ఉంటుంది" అన్నాడు.

ఇక నిన్ను గడ్డం గురించి అడగను. నువ్వు బాగుంటే చాలు.

బ్లేన్


ఔల్ రిడ్జ్,
ఆగస్టు 22

ఒరే పిచ్చి సన్నాసీ,

బాగున్నాను! ఒంటి నిండా పొగ వాసన తప్ప అంతా బాగున్నాను. పొగని మొదట చూసింది నేనే. పిడుగు పడిన చెట్టు. గాలి ఇటు తిరగడంతో సంచి సర్దుకుని సిద్ధంగా ఉండమన్నారు. హెలికాప్టర్లు నీళ్లు పోశాయి, పైనుంచి వాన కూడా వచ్చి ఆదుకుంది. ఇప్పుడు నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. మంటల పుణ్యమా అని నీ ఉత్తరం నిన్ననే అందింది.

సంచి సర్దుకోమన్నారని చెప్పాగా. బైనాక్యులర్లు, కుక్క తాడు, నాన్న హాకీ స్కార్ఫు తీసుకున్నాను. ఆ స్కార్ఫు మెడకి చుట్టుకుంటే ఒక్కసారి ఏం గుర్తొచ్చిందో తెలుసా? గడ్డం సబ్బు వాసన. ఆట ఉన్న ప్రతి సాయంత్రం నాన్న వంటింటి సింకు దగ్గర నిలబడి ఈల వేసుకుంటూ గడ్డం గీసుకునేవాడు! గుర్తుందా? అమ్మ, "ఆడేది నువ్వా, వాళ్లా?" అని ఎగతాళి చేస్తే, "మనవాళ్ల ముందుకి మాసిన మొహంతో వెళ్తానా?" అనేవాడు. తర్వాత దారిలో ఆగి మూడు టార్టులు కొనేవాడు. ఒకటి నీకు, ఒకటి నాకు, ఒకటి తనకి.

అంటే నాన్న కోసం మనం తొమ్మిదేళ్లుగా చేస్తున్న మొక్కులో ఒక్కటి కూడా నాన్నకి నచ్చేది కాదు! గడ్డం గొరగవు, టార్టు తినను. చూస్తే నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. నేను టవర్ మీద కూర్చుని పెద్దగా నవ్వాను. కింద కుక్క నాకు పిచ్చెక్కిందనుకుని మొరగసాగింది.

కాబట్టి మార్పిడి చేసుకుందాం. జట్ల పద్ధతిలోనే. నేను నీ గడ్డాన్ని ఒడెట్‌కి ఇచ్చేస్తున్నాను, పూర్తిగా, ఈ ఏటి నుంచీ. బదులుగా ఆవిడ నాకేమివ్వాలంటే, తర్వాత చూసుకుందాం! మేనేజరు ఇస్తే పిచ్చితనం, నేనిస్తే తెలివి. టార్టు మొక్కు మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా, పైగా నాకు అలవాటైపోయింది.

ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో నమ్మకం లేదు. అందుకే ఈ పొద్దున రేడియోలో వాతావరణం చదువుతూ చివర్లో కలిపేశాను.  రేడియో గది ఆవిడ, "ఆఖరి వాక్యం మళ్లీ చెప్పండి" అంది. మళ్లీ చెప్పాను. "అర్థమైంది. నంబరివ్వండి" అంది. దేవుడు ఆవిణ్ణి చల్లగా చూడాలి.

నన్ను పెళ్లికి రమ్మనకు. మంటల కాలం ఇంకా ముగియలేదు, నన్ను దిగనివ్వరు. కానీ ఫోటో పంపకపోతే మార్పిడి రద్దు.

నీ అక్క


కార్స్‌వెల్,
ఆగస్టు 31

అక్కా!

శుక్రవారం పొద్దున్న, అంటే ఇరవై రెండున, ఒక ఇంజను విప్పి దాని మీదికి వంగి ఉన్నాను. ఫోన్ మోగింది. ఎవరో ఆవిడ గొంతు, నిలబడి పేపరు చదువుతున్నట్టు: "ఔల్ రిడ్జ్ నివేదిక. ఉష్ణోగ్రత పదిహేడు. గాలి పడమర నుంచి, తక్కువ. పొగ లేదు. బ్లేన్ గడ్డం తియ్యొచ్చు." ఆ తర్వాత, "నేను కూడా మాగ్‌పైస్ అభిమానినేనండీ. ఇది సరైన నిర్ణయమంటారా?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా రోడ్డు దాటేశాను. ఫోన్ వేలాడుతూనే ఉండిపోయింది.

నిన్న పెళ్లి జరిగిపోయింది. మన వరసలో కూర్చునేవాళ్లందరూ మన నలుపూ తెలుపూ జెర్సీలు వేసుకుని పొద్దున్నే హాలు మెట్ల మీదికి వచ్చారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, జాతీయగీతం పాడి, తలా ఒక కత్తెర వేశారు. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన ఒక కుచ్చు జేబులో పెట్టుకున్నాడు, అదృష్టం కోసమట. బంగాళాదుంప కూరిన పెరోగీలు, క్యాబేజీ చుట్టలు, ఒడెట్ వాళ్ల తరఫు మాంసం కూరిన రొట్టె, అన్నీ కలగలిపి తిన్నారు. ఒడెట్ మేనమామకీ మన వరసవాళ్లకీ గోలీల గురించి వాదన మొదలై, వాదన డాన్సులోకి దిగి, తెల్లారేదాకా సాగింది.

అసలు కబురు మర్చిపోయాను! ఓస్ట్‌బీకి బదులు "తర్వాత చూసుకుందాం" అన్నది వచ్చేసింది. అయిదుగురు ఫార్వర్డ్‌లు కాదు. రివర్టన్ వాళ్ల పాత ఐసు చదును చేసే బండి! అది కూడా నడవదు. లారీ మీద తెచ్చి నా షాపులో దించి, సీజను మొదలయ్యేలోగా బాగుచేయమన్నారు. మన కెప్టెన్ని ఇచ్చి తెచ్చుకున్న బండిని నేను విప్పుతున్నాను చూడు, దాని కార్బ్యురేటరులో ఎలుక గూడుంది. అయినా ఒకటి చెప్తాను, ఇంజను చాలా మంచిది. ఈ ఏడు మన ఐసంత నున్నటి ఐసు లీగులో ఇంకెక్కడా ఉండదు. రౌటియోకి పక్ ఎటు నుంచి వస్తుందో అద్దంలోలా కనబడుతుంది.

గడ్డం తీసిన తర్వాత అద్దం చూసుకున్నాను. దాని గురించి నేనేమీ రాయను. ఒడెట్ నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇన్నాళ్లూ ఈయన్నెక్కడ దాచావు?" అంది. అప్పటికప్పుడు ఫోటో వచ్చే కెమెరాతో తీయించాను. లోపల చిన్న కవర్లో ఉంది.

కూర్చుని తెరువు.

బ్లేన్


ఔల్ రిడ్జ్,
సెప్టెంబరు 9

బ్లేన్,

కూర్చునే తెరిచాను. అయినా లాభం లేకపోయింది.

కాల్డర్ నా భుజం మీంచి తొంగిచూసి, "ఎవరీ పెద్దాయన?" అన్నాడు.

"మా నాన్న," అన్నాను.

నోటిలోంచి అలా వచ్చేసింది. నీ పేరు రావాల్సిన చోట అదే వచ్చింది. ఆ చుబుకం మీద సొట్ట, నవ్వేటప్పుడు ఎడమ పక్కకి కాస్త ఎక్కువ పోయే ఆ మూతి. తొమ్మిదేళ్ల కిందట నువ్వు ఇలా లేవురా. నువ్వు నువ్వులాగే ఉండేవాడివి. ఆ గడ్డం కింద ఎవరికీ తెలియకుండా నెమ్మదిగా నాన్నవి అవుతూ వచ్చావు. మనం ఇటూ అటూ కూర్చుని మధ్యలో ఖాళీ సీటుని చూస్తూ ఎదురుచూశాం. ఆయన నీ సీట్లోనే ఉన్నాడు.

నేను ఏడ్చాను, కాల్డర్ కూడా ఏడ్చాడు. రివర్టన్ వాడైనా మనిషే. వాళ్ల నాన్న కూడా ఈ వసంతంలోనే పోయాడట, నాకు తెలీదు. వెళ్లేటప్పుడు, "ఓస్ట్‌బీని మేం జాగ్రత్తగా చూసుకుంటాం" అన్నాడు. ఆ మాటకి వాడికి కాఫీ ఇంకో కప్పు పోశాను.

ఫోటోని పట్టుకుని టవర్ ఎక్కి, ఈశాన్యం కిటికీలో నిలబెట్టాను. ఈ పొద్దున్న నాన్నకి జట్టంతా వివరంగా చెప్పాను: ఓస్ట్‌బీ వెళ్లాడు, గోలులో ఫిన్లండ్ వాడు, ఐసు అద్దంలా ఉంటుంది. నవ్వుతూనే ఉన్నాడు. బతికుండగా ప్రతి వేసవిలోనూ ఇలాగే నవ్వేవాడుగా.

ఇప్పుడు ఒడెట్‌కి చెప్పు, మార్పిడిలో "తర్వాత చూసుకుందాం" అన్నదేదో నేను తేల్చుకున్నాను. ఆవిడ అక్టోబరు నుంచి నాన్న సీట్లో కూర్చోవాలి. మనిద్దరి మధ్య. ప్రతి ఆటకీ. అంతమందికి ఒక్క పక్ ఏమిటని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్తాను. ఇంతకాలం ఆ సీటు మీద కోటు కూడా పెట్టనివ్వలేదు నేను, ఇప్పుడు అది వెచ్చగా ఉంటే చూడాలనుంది.

వానలు మొదలయ్యాయి. పదిహేను రోజుల్లో నన్ను దింపుతారు. నువ్వు ఆట ఉన్న ప్రతి సాయంత్రం గడ్డం గీసుకోవాలి, ఈల కూడా వెయ్యాలి.

నా మొక్కు అలాగే ఉంది. అందుకని ఏప్రిల్లో నాకో డజను టార్టులు కావాలి. ఒడెట్‌ని ఇప్పుడే నా పేరు రాసిపెట్టుకోమను. ప్లేఆఫ్స్ మొదలైతే బేకరీలో నిలబడ్డానికి చోటుండదు.

అక్క,
వెర్నా